ఆడవాళ్ల ‘నావల్ల అవుద్ది’కి మార్కులు వెయ్యొచ్చా?

వేపచెట్టు: పబ్లిక్ హెల్త్ చదువుతున్నాను. పిల్లలు పుట్టకుండా ఏదో ఒక పద్ధతి వాడటం తమవల్ల అవుతుందని ఆడవాళ్లకి ఎంత నమ్మకముందో కొలిచే ప్రశ్నావళిని తెలుగులోకి తేవాలి. అమెరికాలో టీనేజి అమ్మాయిల కోసం రూత్ ఆండ్రియా లెవిన్‌సన్ 1986లో ఒకటి చేశారు. 2020లో కెన్యా, నైజీరియా ఆడవాళ్లకి వేరేది వచ్చింది. అందులో భర్తతో మాట్లాడటం, ఆరోగ్య సిబ్బందితో మాట్లాడటం, పద్ధతి ఎంచుకుని కొనసాగించడం అని మూడు భాగాలు. ఒకచోట పుట్టిన కొలబద్ద ఇంకోచోట పనికొస్తుందా? అక్కడి 4 మార్కులూ ఇక్కడి 4 మార్కులూ ఒకటేనా?

లెక్కలమాస్టారు: పనికొస్తుంది. కొలవకపోతే వాడకమొక్కటే లెక్కలోకొస్తుంది, అది ఇంకా మోసం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల వివాహితల్లో దాదాపు 70 శాతం మంది పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. దేశం మొత్తమ్మీద 38. ఈ 70 చూసి మన ఆడవాళ్లకి అన్నీ తెలుసు, అన్నీ చాతనవుతాయి అనుకుందామా? కాపర్-టీ, మాత్రలు ఎప్పుడూ చూడకుండానే రెండో కాన్పు తర్వాత సరాసరి ఆపరేషన్ బల్ల ఎక్కినవాళ్లు అందులో ఎందరో!

సీతాఫలం: మాస్టారూ, నేను కోనసీమలో ఇంటింటి సర్వే చేశాను. ఒకింట్లో చిన్నపిల్లే, చంకలో బిడ్డ. అరుగు మీద అత్తగారు చేటలో చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నారు. “ఈ విషయం మీ ఆయనతో మాట్లాడగలరా?” అన్నాను. ఆ అమ్మాయి నావైపు చూడలేదు, చేటవైపు చూసింది. “అమ్మో, లేదండి” అంది. అన్నిటికన్నా తక్కువ మార్కు దగ్గర టిక్కు పెట్టాను. సాగనంపడానికి వీధి మలుపు దాకా వచ్చి, బిడ్డని భుజం మార్చుకుంటూ మెల్లగా చెప్పింది: “అంతర సూది వేయించుకుంటన్నానండి. మూణ్ణెల్లకోసారి పుట్టింటికెళ్లినప్పుడు. ఇంట్లో తెల్దు.”

అంతర అంటే పిల్లలు పుట్టకుండా మూణ్ణెల్లకోసారి వేసే సూది. తేదీ గుర్తుపెట్టుకుని, వంక వెతుక్కుని, బస్సెక్కి, ఆస్పత్రిలో వరసలో నిలబడి వస్తోంది. నా ఫారంలో మాత్రం ఆమె ఏమీ చాతకాని మనిషి. ఆ టిక్కు తల్చుకుంటే నాకిప్పటికీ బాధే.

లెక్కలమాస్టారు: బాధ నిజమే, తప్పు మాత్రం కొలబద్దది కాదు. మిగతా రెండు భాగాల్లో ఆమెకి మంచి మార్కులే వచ్చేవి. మూడూ కలిపి ఒకే మొత్తం వెయ్యడం తప్పు. రెండు దేశాల సగటులు పక్కపక్కన పెట్టేముందు, ఒక్కో ప్రశ్న రెండుచోట్లా ఒకేలా పనిచేస్తోందో లేదో పరీక్షించే పద్ధతులున్నాయి. పని చెయ్యని ప్రశ్న తీసెయ్యాలి.

పాలపిట్ట: మగోళ్లను అడగరేంది? అదే సర్వేల దేశంల 35 శాతం మగోళ్లు ఇది ఆడోళ్ల పని, మాకేం సంబంధం అన్నరు. మగోళ్ల ఆపరేషన్ దేశంల 0.3 శాతం. కొలిచేదంత ఆమెనే, మార్కులు తగ్గితే తప్పు గూడ ఆమెదేనా?

వేపచెట్టు: పాలపిట్ట అన్నది ఒప్పుకుంటాను, భర్తలకి వేరే ఫారం ఉండాల్సిందే. సీతాఫలం అక్కా, మాటల దగ్గర ఆగిపోయాను. ‘ఆత్మవిశ్వాసం’ అని రాశాను.

సీతాఫలం: వద్దమ్మా, అది పత్రికల మాట. ‘ధైర్యం ఉందా’ అన్నా చిక్కే, కోడలు ‘ఉంది’ అంటే తెగించిందంటారు. ‘మీవల్ల అవుద్దా’ అని అడుగు, అదీ పనులుగా విడగొట్టి. సూది తేదీకి ఎవరి తోడూ లేకుండా ఆస్పత్రికి వెళ్లడం అవుద్దా? సూది వల్ల నెలసరి ఆగిపోతే కంగారుపడి మానెయ్యకుండా ఏఎన్ఎమ్మమ్మని అడగడం అవుద్దా? ఫారంలో ఒక గడి పెంచు: అడిగినప్పుడు పక్కన ఎవరున్నారు.

వేపచెట్టు: భర్తతో మాట్లాడే ప్రశ్నలు తీసెయ్యనా?

సీతాఫలం: తియ్యకు. వాటి కిందే ‘చెప్పకుండా వాడటం అవుద్దా’ అని ఇంకోటి పెట్టు. అత్తగారు పొలం వెళ్లిన వేళ చూసి అడుగు. పేరు రాసుకోకు.