బత్తాయి బస్తా వస్తోంది, బాకీ రావడం లేదు

జిరాక్స్ షాపు, నల్లగొండ

నాకు క్లాక్ టవర్ దగ్గర చిన్న జిరాక్స్, స్టేషనరీ దుకాణం ఉంది. 2023 మే నెలలో డిగ్రీ రోజుల స్నేహితుడికి 1,80,000 రూపాయలు చేబదులు ఇచ్చాను. దేవరకొండ వైపు అతనికి నాలుగెకరాల బత్తాయి తోట ఉంది. ఆ ఎండాకాలం బోరు వట్టిపోయింది, చెట్లు ఆకు రాలుస్తున్నాయి, కొత్త బోరుకూ మోటారుకూ కావాలన్నాడు. 1,10,000 ఫోన్‌పేలో పంపాను. మిగతా 70,000 దుకాణంలోనే లెక్కపెట్టి చేతికిచ్చాను. ప్రామిసరీ నోటు లేదు, సాక్షి లేడు. వడ్డీ మాట అతనే ఎత్తాడు, నేనే వద్దన్నాను. "ఆగస్టు కాపు అమ్మగానే ఇచ్చేస్తాను" అన్నాడు. అలా మూడు ఆగస్టులు వెళ్లిపోయాయి.

ముఖం చాటేసే మనిషి కాదు. ఫోను చేస్తే ఎత్తుతాడు, పిల్లల చదువులు అడుగుతాడు, మా అమ్మ మోకాళ్ల నొప్పుల గురించి అడుగుతాడు. డబ్బు సంగతి ఒక్కటే ఎత్తడు. కాయ కోసినప్పుడల్లా ఒక బస్తా బత్తాయి ఆర్టీసీ కార్గోలో పంపుతాడు. నేను బస్టాండుకు వెళ్లి స్కూటీ మీద కాళ్ల మధ్య పెట్టుకొని తెస్తాను. ఇప్పటికి ఐదు బస్తాలు వచ్చాయి. మా ఆవిడ మొన్న క్యాలెండరు కాగితం వెనక నూటికి రెండు రూపాయల చొప్పున లెక్క కట్టింది. నెలకు 3,600, ఈ ఫిబ్రవరికి 33 నెలలకు 1,18,800. "బస్తా మనకు 23,760 పడింది. తొక్కలు కూడా పారేయకండి, పచ్చడి చేస్తాను" అంది.

ఆమె తప్పేమీ లేదు. నా ఇబ్బంది వేరు. డిగ్రీ రెండో ఏడాది పరీక్ష ఫీజుకు నా దగ్గర పైసా లేకపోతే 640 రూపాయలు అతనే కట్టాడు. నేను తిరిగి ఇవ్వలేదు, అతను అడగలేదు. అలాంటివాణ్ణి ఇప్పుడు కాగితం రాసిమ్మని ఏ నోటితో అడగను? మూడేళ్లు దాటితే అప్పు చెల్లదని ఒకరు భయపెట్టారు. నిజమేనా? ఇంకొక సందేహం, నవ్వకండి: ఆ బత్తాయిని వడ్డీ కింద జమ వేసుకోవాలా?

పాత గుమాస్తా, నకిరేకల్

బాబూ, నేను వకీళ్ల దగ్గర గుమాస్తాగా పనిచేసి జుట్టు నెరిపించుకున్నవాణ్ణి. మీకు వాళ్లు చెప్పింది సగం నిజం. అప్పు ఎక్కడికీ పోదు. కానీ 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం చేబదులుకు డబ్బు ఇచ్చిన రోజు నుంచి మూడేళ్లలోపు దావా వేయాలి. ఆగస్టులో ఇస్తానన్న నోటి మాటను పట్టుకొని అప్పటి నుంచి లెక్కపెట్టుకోకండి. మే నెల అనే అనుకోండి. అంటే మీకు మిగిలింది మూడు నెలలు.

ఫోన్‌పేలో పంపిన 1,10,000కు బ్యాంకు ఖాతాలో ఆనవాలు ఉంటుంది. ఆ 70,000కు మీ ఇద్దరి మనసులు తప్ప ఏమీ లేదు. అదీ కాక, 20,000, అంతకు మించిన అప్పును నగదుగా తీసుకోకూడదని, మీరు డబ్బు ఇచ్చిన 2023లో అమల్లో ఉన్న 1961 ఆదాయపు పన్ను చట్టంలో 269ఎస్ఎస్ అనే సెక్షను చెప్పేది. జరిమానా పడేది తీసుకున్నవాడికి. ఇద్దరిదీ వ్యవసాయ ఆదాయమే అయి, పన్ను పడే ఆదాయం లేకపోతే మినహాయింపు ఉంది గానీ, మీది దుకాణం.

మే లోపు ప్రామిసరీ నోటు రాయించుకోండి. రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించి, సంతకం దాని మీదుగా పోయేలా పెట్టించండి. స్టాంపు లేని నోటుకు తర్వాత జరిమానా కట్టినా కోర్టు దాన్ని సాక్ష్యంగా తీసుకోదు. ఈ ఒక్క రూపాయి దగ్గర లక్షలు పోగొట్టుకున్నవారిని చూశాను. డబ్బు ఇవాళ చేతికి ముట్టినట్టు అబద్ధం రాయించవద్దు, 2023లో తీసుకున్న బాకీకి గాను అని ఉన్నదున్నట్టు రాయించండి. అంకెల్లోనూ అక్షరాల్లోనూ ఉండాలి. ఖాళీ నోటు మీద సంతకం మాత్రం తీసుకోకండి, అది స్నేహితుడి దగ్గర తీసుకునేది కాదు. తర్వాత అతను పదివేలు ఇచ్చినా నోటు వెనక అతని చేతనే చెల్లు, అంటే ఇంత కట్టానని, రాయించి సంతకం పెట్టించండి. గడువులోపు ఆ చెల్లు పడితే ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు వస్తాయి.

బత్తాయి జమకు రాదు. అతను పండుగానే పంపాడు, మీరు పండుగానే తిన్నారు.

తోట కాపరి, గుర్రంపోడు

అన్నా, నాదీ బత్తాయి తోటే. మీ స్నేహితుడి తరఫున నాలుగు మాటలు. కాయ చెట్టు మీద ఉండగానే వ్యాపారి వచ్చి తోటలో కాపంతా మాట్లాడుకుంటాడు, కొంత బయానా ఇస్తాడు. కోతకు వచ్చేసరికి ఢిల్లీలో రేటు పడిపోయిందంటాడు. తూకం దగ్గర టన్నుకు ఇంత అని సూటు, అంటే తరుగు, తీస్తాడు. కూలీలు, మందుల దుకాణం బాకీ పోగా చేతిలో మిగిలింది చూసుకుంటే స్నేహితుడికి ఫోను చేయాలంటేనే సిగ్గేస్తుంది. అందుకే బస్తా పంపుతాం. నేను కూడా ఒకరికి పంపుతున్నాను, ఎవరికో ఇక్కడ చెప్పను.

ఒకటి మాత్రం చేయండి. కోత అయిన వారం రోజుల్లో వెళ్లండి. కత్తెర కాపు, అదే ఏడాదిలో రెండో కాపు, ఇప్పుడే మొదలవుతోంది. నెల ఆగితే ఆ డబ్బు ఇంకొకరి పాలవుతుంది. ఫోనులో అడగవద్దు, ఫోనులో అందరం "చూద్దాం అన్నా" అనే అంటాం.

కుట్టు మిషను, జడ్చర్ల

అన్నయ్యా, నేను బాకీ పడ్డదాన్ని. స్నేహితురాలికి 40,000 ఇవ్వాల్సి ఉండి, సంతలో ఆమె కనిపిస్తే ఉల్లిగడ్డల బండి వెనక్కి తప్పుకున్నాను. ఆమె ఏడాదిన్నర ఏమీ అడగలేదు. అడగని ప్రతి నెలా నాకు ఇంకా బరువయ్యేది. చివరికి తనే ఇంటికి వచ్చి, నా బ్లౌజుల కొలతల పుస్తకంలో చివరి పేజీ తీసి, "నెలకు వెయ్యి. ఇక్కడ రాసుకో" అంది. నాకు ఏడుపొచ్చింది, కానీ ఆ రాత్రి నిద్ర పట్టింది. ఇంకా తొమ్మిది వేలు ఉంది. మీరు అడగనిది మొహమాటం కొద్దీ. ఆయనకు అది మర్యాదగా తోస్తుందని అనుకోకండి.

జిరాక్స్ షాపు, నల్లగొండ

అందరికీ నమస్కారం. నిన్న వెళ్లి వచ్చాను.

తోటలో కోత పూర్తయి నాలుగు రోజులైంది. నోటు ఫారం, స్టాంపు జేబులోనే ఉన్నాయి, అమ్మేవాణ్ణి నేనే కదా. గంటసేపు బోరు చూపించాడు, మోటారు చూపించాడు, నేను నీళ్ల గురించే మాట్లాడాను. భోజనాల దగ్గర వదిన పెరుగు వడ్డిస్తూ "అన్నయ్యా, మీ బాకీ సంగతి ఈయన రోజూ అంటూనే ఉంటాడు" అనేసింది. ఇక దాచడానికేముంది, ఫారం తీశాను. అతను కాసేపు దాన్నే చూశాడు. ముఖం కొంచెం చిన్నబోయిన మాట నిజం. "నువ్వు రాయవద్దు, నేను రాస్తాను" అని పెన్ను తీసుకున్నాడు.

రాసింది చూస్తే 1,79,360 అని ఉంది. లెక్క తప్పిందేమో అన్నాను.

"నీ పరీక్ష ఫీజు తీసేశాను" అన్నాడు.

40,000 అప్పటికప్పుడు పంపాడు, నోటు వెనక చెల్లు కూడా తనే రాశాడు. వడ్డీ గడి దగ్గర ఆగి నా వైపు చూశాడు, నేను గీత కొట్టేశాను. ఈ ముక్క ఇంట్లో ఇంకా చెప్పలేదు. ఆరో బస్తా స్కూటీ మీదే తెచ్చాను. మా ఆవిడ ముందు స్టాంపు మీద సంతకం పడిందో లేదో చూసింది, తర్వాత అంకె చూసింది, "ఈ 640 ఏమిటి?" అని అడిగింది. ఇన్నేళ్లలో ఆ సంగతి ఆమెకు నేనెప్పుడూ చెప్పలేదు.