శెనిక్కాయ గెనిమ మీద మొలిచింది మాచిపత్రా, వయ్యారిభామా?

రాప్తాడు కుర్రోడు: వానలకు మా శెనిక్కాయ చేని గెనిమ (గట్టు) నిండా ఒక మొక్క లేచింది. ఆకులు నేలకు అతుక్కొని ఉన్నాయి, క్యారెట్ ఆకులా చీలికలు. పూత లేదు. నాన్న వయ్యారిభామ, పీకెయ్ అంటాడు. పెద్దమ్మ మాచిపత్రి, చవితికి ఉండనీ అంటుంది. ఎవరి మాట వినాలి?

కడప అక్క: పెద్దమ్మ మాటే నిజం తమ్ముడూ. మా దగ్గర చవితికి అమ్మే పత్రి కట్టల్లో అచ్చం ఇదే ఉంటుంది. ఆకు నలిపి చూడు, వాసనొస్తే మాచిపత్రే.

గడ్డి మాస్టారు: అక్కా, నలపమని మాత్రం చెప్పొద్దు. వయ్యారిభామ అయితే కొందరికి చర్మం దద్దుర్లెక్కి నెలల తరబడి వదలదు. పైగా నలిపితే అదీ వాసనొస్తుంది. ఆకు తిప్పి చూస్తే చాలు. మాచిపత్రికి అడుగున తెల్లటి నూగు ఉంటుంది, వయ్యారిభామ రెండు వైపులా పచ్చనే. కాండం లేచాక దానికి నిలువు గీతలు, ఆపైన అయిదు మూలల చిన్న తెల్లపూలు. కట్టలో అమ్మినంత మాత్రాన పత్రి అయిపోదు. వయ్యారిభామ మన దేశంలో పెరుగుతోందని పుణె నుంచి రాసింది 1956లో. చవితి పత్రి అంతకంటే ఎంతో పాతది కదా!

కర్నూలు బాటనీ: లేత మొక్కను ఆకుతోనే తేల్చడం తొందరపాటు సార్. నీడలో పెరిగిన మాచిపత్రికి నూగు పలచబడొచ్చు. పూత దాకా ఆగితే అనుమానమే ఉండదు.

గడ్డి మాస్టారు: కాలేజీ తోటలో అయితే ఆగండి. శెనిక్కాయ గెనిమ మీద ఆగితే కొంప మునుగుతుంది. 2000లో అనంతపురం జిల్లాలో కాండం కుళ్ళు వైరస్ రెండు లక్షల హెక్టార్లకు పైగా పంటను పట్టింది. ఆ వైరస్ వయ్యారిభామలో దాక్కుంటుంది, మొక్క మాత్రం నిగనిగలాడుతూనే ఉంటుంది. దాని పుప్పొడి శెనిక్కాయ ఆకు మీద పడుతుంది, తామర పురుగులు ఆ ఆకును గీకినప్పుడు వైరస్ లోపలికి పోతుంది. అంటే పూత వచ్చిందాకా చూడటమంటే పుప్పొడి కోసం కాచుకోవడమే.

కర్నూలు బాటనీ: ఒప్పుకుంటా. కానీ గెనిమ ఒక్కటీ శుభ్రం చేస్తే రోడ్డు పక్కదాని పుప్పొడి ఆగుతుందా?

గడ్డి మాస్టారు: ఆగదు. ఊరంతా కలిసి పీకాలి. దగ్గరిది పోతే కొంతైనా తగ్గుతుంది.

రాప్తాడు కుర్రోడు: ఆకులు తిప్పి చూసినా సార్, అడుగున పచ్చనే. చేతులకు కవర్లు కట్టుకొని వేర్లతో సహా పీకుతున్నాం. పెద్దమ్మకు నర్సరీలో మాచిపత్రి కుండీ కొనిస్తా అని చెప్పినా, ఇంకా గొణుగుతానే ఉంది.