పన్ను విరిగితే మామూలు గాయమా, తీవ్ర గాయమా? తెలిసినవారు చెప్పండి

కావలి దగ్గర పొలం గట్టు తగాదాలో ఒకాయన్ని పారకామతో (పార పిడి కర్రతో) మూతి మీద కొట్టారు. ముందు పన్ను సగానికి విరిగింది. స్టేషన్‌లో దీన్ని భారతీయ న్యాయ సంహిత 115(2) కింద మామూలు గాయం అన్నారు. అది పోలీసులు సొంతంగా దర్యాప్తు చేసే నేరం కాదు కాబట్టి, ఫిర్యాదు పుస్తకంలో రాసుకుని మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లమన్నారు.

సెక్షన్ 116లో తీవ్ర గాయం కింద ఎముక గానీ పన్ను గానీ విరగడం, తొలగడం అని స్పష్టంగా ఉంది. 15 రోజులు తీవ్రమైన నొప్పితో ఉన్నా, రోజువారీ పనులు చేసుకోలేకపోయినా అంతే (పాత చట్టం ఐపీసీలో 20 రోజులు). అలాంటప్పుడు 117(2) వర్తించాలి. శిక్ష ఏడేళ్ల దాకా, ఎఫ్ఐఆర్ తప్పనిసరి.

చిక్కంతా గాయాల సర్టిఫికెట్‌లో ఉంది. డ్యూటీ డాక్టర్ పెదవి చీలిక మాత్రమే రాశారు, పన్ను ఊసే లేదు. ఎక్స్‌రే తీయలేదు.

నా ప్రశ్నలు: వేరు కదలకుండా పైభాగమే విరిగినా 116 కిందకి వస్తుందా? దంతవైద్యుడి ఎక్స్‌రేతో ఇప్పుడు అదనపు అభిప్రాయం అడగొచ్చా? రోజులు గడిస్తే పన్ను ఎప్పుడో విరిగిందంటారేమోనని భయం. పారకామ సెక్షన్ 118 చెప్పే ప్రమాదకర ఆయుధం అవుతుందా? భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (దర్యాప్తు, విచారణ పద్ధతి చెప్పే చట్టం) 173(4) ప్రకారం ముందు ఎస్పీకి ఫిర్యాదు పోస్టులో పంపాకే కోర్టుకెళ్లాలా?