నాభి తీగా, నాగలి తీగా?

మొన్న ఉదయగిరి నుంచి వస్తుంటే కొండ కింద ముళ్ళకంచె మీద ఒక తీగె కనపడింది. ఆరు రేకులు, అంచులు అలలు అలలుగా, అన్నీ వెనక్కి విరుచుకుని. మొదట్లో పసుపు, కొసల్లో నిప్పెరుపు. చిన్నప్పుడు ఆ పువ్వే కోసుకొస్తే మా అవ్వ గుమ్మంలోనే ఆపేసి, ‘నాభి తీగె నట్టింట్లోకి తేబాక, తెస్తే...’ అంది. ఆ తర్వాత ముక్క ఎంత తన్నుకున్నా గుర్తు రావడం లేదు. పువ్వుకీ బొడ్డుకీ ఏం సంబంధం? అని అడిగితే కావలి, కనిగిరి, ఒంగోలు మిత్రులు ఇలా అందుకున్నారు.

కావలి: అడవినాభి అమ్మా అది. ఆకు కొస చూశావా? సన్నగా సాగి, మెలి తిరిగి, పక్క కొమ్మని పట్టుకుంటుంది. ఇక్కడ నాభి అంటే విషం, బొడ్డు కాదు. వసనాభిలో ఉన్న నాభే. అది హిమాలయాల మొక్క, మనది అడవిది.

కనిగిరి: విషమే, కాదనను. కానీ అవ్వ ‘భ’ ఒత్తి పలికిందా? మా పక్క పెద్దవాళ్ళ నోట ఆ ఒత్తు నేను వినలేదు. ‘నాగలి తీగె’ అని ఉంటుంది. దీనికే కలప్పగడ్డ అని ఇంకో పేరు. అరవంలో కలప్పై అంటే నాగలి. సంస్కృతంలో లాంగలి, అదీ నాగలే. దుంప తవ్వి చూడండి, నాగలి వంపే.

కావలి: తవ్వమని చెప్పకండి సార్! అందులో కాల్చిసిన్ అనే విషం ఉంటుంది. గౌట్ అనే కీళ్ళవాపుకి కొద్ది మోతాదులో మందు, ఎక్కువైతే ప్రాణం తీస్తుంది.

ఒంగోలు: అగ్నిశిఖ అనే పేరు ఎవరూ ఎత్తరేం? రోజులు గడిచేకొద్దీ పసుపంతా ఎరుపులోకి తిరుగుతుంది. నాకైతే మన ఎర్రన అరణ్యపర్వ శేషం ఎత్తుకున్న ‘స్ఫురదరుణాంశు రాగరుచి బొంపిరివోయి’ గుర్తొస్తుంది. ఆ బొంపిరి ఒక్క మాట చాలు, ఎరుపు పొంగి పొర్లినట్టుంటుంది.

కనిగిరి: అక్కడ శరత్కాలపు ఉదయం సార్, పువ్వు కాదు.

ఒంగోలు: ఈ తీగె వానల్లో మొదలై శరత్తులోనూ పూస్తుంది కదా!

మీ మాటలు విని నేను ఇప్పుడే అమ్మకి ఫోన్ చేశాను. అమ్మ ‘నాబి’ అనే అంది, ఒత్తు లేకుండా. ‘తెస్తే’ తర్వాత ‘దూడ’ అనే మాట వచ్చేదంట. అంతకు మించి తనకీ గుర్తు లేదు.

కావలి: దూడా! వత్సం అంటే దూడే కదమ్మా. వసనాభి అసలు పేరు వత్సనాభి. దూడ బొడ్డు! నీ మొదటి ప్రశ్న దగ్గరికే వచ్చాం.

కనిగిరి: దూడ ఉన్నచోట నాగలి ఉండదా? మిగతా ముక్క దొరికేదాకా నేను ఒప్పుకోను. అమ్మని ఇంకోసారి అడుగు తల్లీ.