డబ్బు కట్టి మరీ మట్టి పనికి వెళ్లాలా? (విండోలాండా తవ్వకాలు)

టైన్ ఒడ్డున:
అందరికీ నమస్కారం. నేనుండేది ఇంగ్లండులో, న్యూకాజిల్ దగ్గర. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఇక్కడికి పడమరగా, రోమన్లు కట్టిన హేడ్రియన్ గోడకు కాస్త దక్షిణాన విండోలాండా అనే పాత రోమన్ కోట ఉంది. ఏటా ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా అక్కడ తవ్వకాలు జరుగుతాయి. చరిత్ర చదవనివాళ్లను కూడా వాలంటీర్లుగా తీసుకుంటారు. కాకపోతే కూలి ఇవ్వరు సరికదా, మనమే ఫీజు కట్టాలి. తిండి, బస ఖర్చు కూడా మనదే. అయినా బుకింగ్ తెరవగానే నిండిపోతుంది. ఈసారి నాకు రెండు వారాలు దొరికాయి.

ఇంటికి ఫోన్ చేసి చెప్తే మా నాన్నగారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మీ తాత బావులు తవ్వింది నువ్వు పలుగు పట్టకూడదనేరా" అన్నారు. నవ్వేశాను గానీ ఆ మాట ఇంకా పోవట్లేదు.

డబ్బు కట్టి ఇలా వెళ్లడం తప్పంటారా? వెళితే ఎలా సిద్ధమవ్వాలి? వానకోటు, బూట్లు, మోకాళ్ల కింద వేసుకునే మెత్త కొన్నాను. ధనుర్వాతం ఇంజెక్షన్ అయింది.

లెక్కలవాడు:
తప్పే అంటాను. ఆర్కియాలజీ చదివిన పిల్లలు పని కోసం తిరుగుతుంటే, ఎదురు డబ్బిచ్చి పనిచేసేవాళ్లు క్యూ కడితే వాళ్లకు జీతం ఎవరిస్తారు? పైగా రెండు వారాల సెలవు, ఫీజు, బస అన్నీ భరించగలిగిన వాడికే ఆ ట్రెంచ్‌లో చోటు. చరిత్ర మీద ప్రేమ కాదండీ ఇది, డబ్బున్నవాళ్ల పిక్నిక్. మీ నాన్నగారు అన్నదే కరెక్టు.

కుండపెంకు:
లెక్కలవాడు గారూ, సగం ఒప్పుకుంటాను. ఫీజు కట్టలేనివాడు బయటే ఉండిపోతాడన్నది నిజం. కానీ విండోలాండాను నడిపేది 1970లో పెట్టిన ఒక ట్రస్టు. ఏటా ప్రభుత్వం నుంచి డబ్బు వచ్చే సంస్థ కాదు. చూడటానికి వచ్చేవాళ్ల టికెట్లు, విరాళాలు, ఇలాంటి ఫీజులు, వీటి మీదే బండి నడవాలి. వాలంటీర్లను ఆపేస్తే ఆ డబ్బుతో నలుగురికి ఉద్యోగాలు రావు, తవ్వకమే తగ్గిపోతుంది.

ఇక సిద్ధమవడం గురించి. నేను ఎం.ఏ. చదివేటప్పుడు తెలంగాణలో ఒకచోట, ఊళ్లో రాకాసిగుళ్లు అంటారే, ఆ పాత సమాధుల దగ్గర నెలన్నర పనిచేశాను. మొదటి వారం చేతికి తాపీ కూడా ఇవ్వలేదు. తట్టలు మోయడం, జల్లెడ పట్టడం. ఊరివాళ్లు రోజూ సాయంత్రం వచ్చి "లంకెబిందెలు దొరికినయా సారూ" అని అడిగి పోయేవాళ్లు.

మా ట్రెంచ్‌లో రోజు కూలికి వచ్చే ఒక పెద్దామె ఉండేది. ఒకరోజు నేను తాపీతో గీకుతూ పోతుంటే చెయ్యి పట్టుకుని ఆపింది. "ఈడ మన్ను మెత్తగున్నది బిడ్డా, ఇది గుంత తీసి పూడ్చిన మన్ను" అంది. నాకు రెండూ ఒకే ఎరుపు. నీళ్లు చిలకరించి చూస్తే కొంచెం నల్లగా, గుండ్రంగా ఒక అంచు తేలింది. ఎప్పుడో కర్ర పాతిన గుంత. ఆమె ఆపకపోతే ఇంకో పది నిమిషాల్లో గీకి పారేసేవాణ్ని. డిగ్రీ నాది, చూపు ఆమెది. కాబట్టి టైన్ ఒడ్డున గారూ, బూట్లు బాగానే ఉన్నాయి గానీ వెళ్లేలోపు మీ పెరట్లో అడుగున్నర గొయ్యి తీసి పక్కగోడ నున్నగా చెక్కి చూడండి. రంగు, తడి, గట్టిదనం ఎక్కడ మారుతున్నాయో కనిపెట్టండి. అదే అసలు ప్రాక్టీసు.

కృష్ణ ఒడ్డు:
మీరు చెప్పిన కథే నా వాదన. చూపు లేనివాణ్ని ఎందుకు దించాలి? మాది అమరావతి పక్క ఊరు. 1797లో మెకంజీ అనే బ్రిటిష్ అధికారి వచ్చి చూసేటప్పటికే కట్టడాలకు రాయి కావాలని స్తూపం దిబ్బను తవ్వుతున్నారు. 1845లో ఎలియట్, 1877లో సీవెల్ అనే ఇంకో ఇద్దరు అధికారులు తవ్వారు. 1880లో మద్రాసు ప్రభుత్వం ఏకంగా దిబ్బ మొత్తం తవ్వించి ఖాళీ చేయించేసింది. తర్వాత పురావస్తు శాఖ నుంచి బర్జెస్ వచ్చి చూస్తే మిగిలింది పెద్ద గొయ్యి. ఏ పలక ఏ వరుసలో ఉండేదో ఇప్పుడు ఊహించుకోవడమే. వీళ్లలో కొందరు శిల్పాల మీద ఇష్టంతోనే తవ్వారు మరి. ఇష్టం ఉంటే సరిపోదు.

కుండపెంకు:
1880లో పలుగు పట్టినవాళ్లది కాదండీ తప్పు, రాసుకోకుండా తవ్వమన్నవాళ్లది. విండోలాండాలో వాలంటీరును వదిలేయరు, పక్కనే నేర్పేవాళ్లు ఉంటారు.

అయినా మీ భయానికి అర్థం ఉంది. 1973లో అక్కడ తవ్వకాలు నడిపిన రాబిన్ బర్లీకి దొరికినవి చూడటానికి ఉత్త చెక్క పేళ్లు. ఒకదానికొకటి అంటుకున్న రెండింటిని విడదీస్తే లోపల సిరా రాత. గాలి తగిలాక మసకబారిపోతే ఇన్‌ఫ్రారెడ్ ఫొటోలు తీసి చదివారు. అలాంటివే తర్వాత వందల్లో దొరికాయి. ఒకదాంట్లో క్లాడియా సెవెరా అనే ఆమె స్నేహితురాల్ని సెప్టెంబరు 11న తన పుట్టినరోజుకి రమ్మని పిలుస్తుంది. ఇప్పుడది బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. మీ అమరావతి పలకలున్న చోటే!

లెక్కలవాడు:
వాలంటీర్ల మీద అంత నమ్మకముంటే మన దేశంలో తవ్వకాలకు వాళ్లను ఎందుకు రానివ్వరు?

కుండపెంకు:
పురాతన కట్టడాల మీద 1958 చట్టం ఉంది, లైసెన్సు లేకుండా ఎవరూ తవ్వకూడదు. అది ఉండాలి కూడా, గుప్తనిధుల పిచ్చితో రాత్రిపూట గునపాలేసుకుని తిరిగేవాళ్లున్న చోట. నా గొడవ వేరే. తవ్వకంలోకి వద్దు, కనీసం పెంకులు కడగడానికి, నంబర్లు వేయడానికి ఊళ్లో కాలేజీ పిల్లల్ని పిలవచ్చుగా? వాళ్ల నుంచి ఫీజు వద్దు. ఆ పెద్దామె లాంటివాళ్ల కూలి మాత్రం అలాగే ఉండాలి, వాలంటీర్ల పేరు చెప్పి వాళ్లను తీసేస్తానంటే నేనూ లెక్కలవాడు గారి పక్షమే.

టైన్ ఒడ్డున:
మొదటి వారం అయింది. ఇదిగో రిపోర్టు.

సోమవారం, మంగళవారం తోపుడు బండిలో మట్టి తోలడమే. బుధవారం వాన, షెడ్డులో కూర్చుని పాత టూత్‌బ్రష్‌తో కుండపెంకులు కడిగాం. విరిగిన అంచు మీద గట్టిగా రుద్దకూడదు, అరిగిపోతుంది. ఏ పొరలో దొరికిందో ఆ నంబరు చీటీ ట్రేలోనే ఉండాలి. చీటీ పోతే పెంకు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

గురువారం తప్పు చేశాను. నల్లమట్టిలోంచి తోలు ముక్క కొస కనబడింది. చెప్పులా ఉంది. పట్టుకుని లాగబోయాను. సూపర్‌వైజర్ కేకేస్తే ఆగాను. చుట్టూ మట్టి తీయాలట, అది తనంతట తాను వదిలేదాకా. రెండు గంటలు పట్టింది. చివరికి చెప్పు కాదు, కత్తిరించి పారేసిన తోలు పీలిక. అది నాకు చెప్పుకంటే నచ్చింది, ఎందుకో తెలియదు. అక్కడ కోట మీద కోట కనీసం తొమ్మిదిసార్లు కట్టారు. పాతది చదును చేసి బంకమట్టి పరిచారు, అందుకే అడుగున తడి ఆరలేదు, గాలి చొరలేదు, తోలు కుళ్లలేదు. ఇప్పటికీ ట్రెంచ్‌లో నీళ్లు ఊరుతుంటే పంపుతో తోడుతుంటారు.

రాత్రి ఇదంతా నాన్నగారికి చెప్పాను. కోటల గురించి ఏమీ అడగలేదు. "ఎన్ని అడుగులకి జల పడింది?" అన్నారు. పదడుగులు ఉండొచ్చన్నాను. "జల ఊరే గోతిలో పక్కలు జారతాయి. అంచున నిలబడకు, తీసిన మట్టి అంచున పోయకు. మీ తాత ముందు అదే చూసేవాడు" అన్నారు. ఇక్కడ మొదటి రోజు సేఫ్టీ క్లాసులో చెప్పిందీ అదే.

లెక్కలవాడు:
ఫీజు విషయంలో నా మాట మారలేదు. ఆ తోలు పీలిక ఫొటో ఉంటే పెట్టండి.

టైన్ ఒడ్డున:
ఫొటో పెట్టాలంటే వాళ్లను అడగాలండీ. సోమవారం అడుగుతాను.