రొమాంటిక్ ఆకర్షణకు తెలుగు మాట కావాలి, ఏదీ కుదరడం లేదు

కౌన్సెలింగ్‌లో వాడే ప్రశ్నావళిని తెలుగులో రాస్తున్నాం. నమూనా, లైంగిక మొగ్గు ఎటువైపో చూడటానికి ఫ్రిట్జ్ క్లైన్ అనే మానసిక వైద్యుడు చేసిన పట్టిక: 7 అంశాలు, ఒక్కోదానికి గతం, ప్రస్తుతం, ఆదర్శం, మొత్తం 21 గడులు. దానికి రొమాంటిక్ ఆకర్షణ అనే వరసను విడిగా చేర్చాం. ఏసెక్సువల్ (ఇతరుల మీద లైంగిక ఆకర్షణ కలగని, లేదా అరుదుగా కలిగే) వ్యక్తుల్లో కొందరికి శారీరకమైన కోరిక లేకపోయినా ఒకరితో జంటగా ఉండాలని ఉంటుంది, ఆ తేడా పట్టికలో కనబడాలి.

లైంగిక ఆకర్షణతో పేచీ లేదు. అందానికి ముగ్ధులవడాన్ని 'కళ్లు తిప్పుకోలేకపోవడం' అని రాస్తే ఇట్టే అర్థమైంది. చిక్కంతా రొమాంటిక్ దగ్గరే. 'ప్రేమ' అని రాస్తే అమ్మ మీదదీ స్నేహితుల మీదదీ కూడా అందులో కలిపేస్తున్నారు. 'ప్రణయాకర్షణ' పద్యంలో మాటలా ఉంది, పైగా చదివినవాళ్లు శృంగారమనే అనుకున్నారు. 'మనసు పడటం' నోటికి బాగుంది, కానీ చీర మీదా మనసు పడతాం కదా! 'ఈ మనిషితో జోడీగా ఉండాలనిపిస్తుందా?' అని అడిగితే పెళ్లి ప్రశ్న అనుకుని, పెళ్లయినవాళ్లు ఆ గడి ఖాళీగా వదిలేస్తున్నారు.

పడక ఊసు లేకుండా, స్నేహానికి వేరుగా, ఒక మనిషి వైపు మనసు లాగడాన్ని మీ వైపు వాడుకలో ఏమంటారు?