సింహద్వారానికి నగిషీ: ఉలితోనా, సీఎన్సీతోనా?

కొత్తిల్లు_కడప:
అందరికీ నమస్కారం. కడపలో ఇల్లు కడుతున్నాం. ప్లాస్టరింగ్ నడుస్తోంది. సింహద్వారం దగ్గరికి వచ్చేసరికి ఇంట్లో రెండు వర్గాలయ్యాం. అమ్మకు తలుపు నడిమి పలకలో గజలక్ష్మి, ద్వారబంధం మీద లతలు, గడపకు రెండు చివరలా పద్మాలు కావాలి. నాన్నకు మాఘమాసంలో గృహప్రవేశం కావాలి, అంతే.
మైదుకూరు వైపు ఉండే ఒక ఆచారి గారిని అడిగితే చెక్క మనది, కూలి 70,000, నెలన్నర పడుతుందన్నారు. కంప్యూటర్ నడిపే సీఎన్సీ మిషన్ మీద చెక్కే ఒక షాపులో ఇదంతా నాలుగు రోజుల పని, 18,000 అన్నారు. తేడా ఇంత ఉంటే ఎవరో ఒకరు ఏదో దాస్తున్నట్టే కదా? చేయించుకున్నవాళ్లు, చేసేవాళ్లు చెప్పండి. చెక్క బలార్షా టేకు, కొని ఏడాదిన్నర అయింది.

స్పిండిల్_ప్రొద్దుటూరు:
మీరు అడిగిన షాపు మాది కాదు, ముందే చెబుతున్నాను. ఎవరూ ఏమీ దాయడం లేదు. లెక్క చూపిస్తాను.
మీ గజలక్ష్మి పలక రెండడుగులు, అడుగున్నర అనుకుందాం. అంటే 600 మిల్లీమీటర్లు, 450 మిల్లీమీటర్లు. ముందు పెద్ద బిట్టుతో, అంటే మిషన్‌కు బిగించే గిర్రున తిరిగే కత్తితో, మోటుగా చెక్క తీసేస్తాం, అది గంట లోపు పని. తర్వాత కొన గుండ్రంగా ఉండే 3 మిల్లీమీటర్ల బిట్టుతో నున్నగా తీయాలి. ఆ బిట్టు నాగలి చాళ్లలాగా పక్కపక్కనే గీతలు వేసుకుంటూ పోతుంది. చాలుకూ చాలుకూ మధ్య 0.3 మిల్లీమీటర్లు పెడితే 450కి 1,500 చాళ్లు. ఒక్కొక్కటి 600 మిల్లీమీటర్లు. మొత్తం 900 మీటర్ల నడక. నిమిషానికి 3 మీటర్లు నడిపితే 300 నిమిషాలు, అంటే ఐదు గంటలు. కరెంటు ఉంటే.
ఇంకా సన్నగా కావాలి, కంటి రెప్పలు, నగల పూసలు తెలియాలి అంటే కొన 1 మిల్లీమీటరు ఉన్న బిట్టు వేసి చాళ్ల మధ్య 0.1కి దించాలి. అప్పుడు అదే పలక పదిహేను గంటలు. 18,000 చెప్పినవాళ్లు మొదటి లెక్కలో చెప్పారా, రెండో లెక్కలో చెప్పారా అన్నది అడగండి. అసలు తేడా అక్కడ ఉంటుంది.

రథంపని:
నేను ముప్పయ్యేళ్లుగా ఉలి పట్టుకుని బతుకుతున్నాను. గుళ్ల తలుపులు, వాహనాలు, రథాల పలకలు చేశాను. మిషన్ మీద నాకు కోపం లేదు. మా తమ్ముడి కొడుకు దానిమీదే ఉన్నాడు.
కొత్తింటి అబ్బాయ్, ఒక పని చేయి. మిషన్ మీద చేసిన తలుపు ఒకటి, చేత్తో చేసిన తలుపు ఒకటి వెతికి పట్టుకో. పాతది ఏ గుడిలోనైనా దొరుకుతుంది. ఆకు అంచు కిందికి నీ చిటికెన వేలి గోరు పెట్టి చూడు. చేత్తో చెక్కిన దాంట్లో గోరు లోపలికి దూరుతుంది. మిషన్ దాంట్లో దూరదు, వాలు మీద జారిపోతుంది. మామూలు మిషన్‌లో బిట్టు పైనుంచి నిట్టనిలువునా దిగుతుంది. ఏనుగు తొండం కింద దానికి దారి లేదు. మేము ఉలిని పక్కకు వాల్చి తొండం అడుగున ఒక గీటు తవ్వుతాం. ఆ గీటులో నీడ పడుతుంది. నీడ పడితేనే తొండం పలకను వదిలి ముందుకు వచ్చినట్టు కనిపిస్తుంది. అంగుళంన్నర చెక్కలో అరంగుళం లోతే ఉన్నా కంటికి మూడంగుళాలు అనిపించేది ఆ నీడ వల్లే. మిషన్ అరంగుళం తవ్వితే కంటికీ అరంగుళమే.
ఇక నెలన్నర సంగతి. అందులో చెక్కే రోజులు పాతిక ఉంటే ఎక్కువ. మిగిలినవి ఉలి సాన పట్టుకోవడం, చెక్కను చూస్తూ కూర్చోవడం. టేకులో ఇసుక గుణం ఉంటుంది, పొద్దున సాన పట్టిన అంచు మధ్యాహ్నానికి మొద్దుబారుతుంది. చూస్తూ కూర్చోవడానికి కూలి ఎందుకని అడిగినవాళ్లున్నారు. పోగు ఎటు నడుస్తోందో చూడకుండా లక్ష్మి ముక్కు దగ్గర ఎదురు పోగులో ఉలి పెడితే ముక్కు లేచి వస్తుంది. అప్పుడు కూలి మాట ఎవరూ ఎత్తరు.

స్పిండిల్_ప్రొద్దుటూరు:
గోరు సంగతి నిజం, ఒప్పుకుంటున్నాను. గుండ్రని స్తంభాలకు తిప్పే అక్షం ఉన్న మిషన్లు ఉన్నాయి, బిట్టును పక్కలకు కూడా వాల్చగల ఐదు అక్షాలవీ ఉన్నాయి. ఐదు అక్షాల మిషన్ పెట్టి తలుపులు చేస్తే మీ 70,000 కూడా చాలదు.

గుత్తిరోడ్డు:
అనంతపురం నుంచి. మేము మూడేళ్ల కిందట మిషన్ మీద చేయించాం. దిగినరోజు ఊరంతా మెచ్చుకుంది. ఆరు నెలలకు మా వీధిలో ఇంకో రెండు ఇళ్లు లేచాయి. మూడు తలుపుల మీదా ఒకటే లక్ష్మి. అదే చిరునవ్వు, ఎడమ ఏనుగు చెవికి అదే మడత. దొంగలు పడి తలుపు మార్చేసి పోయినా మేము గుర్తుపట్టలేం అని మా ఆవిడ అంటుంది.
అది నవ్వుకునే సంగతి. ఏడ్చే సంగతి వేరే ఉంది. ఏప్రిల్ వచ్చేసరికి లక్ష్మి భుజం నుంచి కింది తామర దాకా నిలువునా పగులు. మిషన్ వల్లే అని వెళ్లి గొడవపడ్డాను. అక్కడి కుర్రాడు పాపం ఓపికగా పలక వెనక్కి తిప్పి చూపించాడు: ఒక అంచంతా తెల్లచెక్క, చేవ లేదు, పైగా పచ్చిది. టింబర్ డిపోలో ఆరిన చెక్క అని చెప్పి ఇచ్చారు, నేను నమ్మాను. మన ఎండలకు పచ్చి చెక్క ముడుచుకోకుండా ఎలా ఉంటుంది? ఉలితో చేయించినా పగిలేదే. తేమ కొలిచే చిన్న మీటరు దొరుకుతుంది, పది పన్నెండు శాతం చూపించే దాకా చెక్క మీద ఎవరినీ చెయ్యి వేయనివ్వకండి. ఏడాదిన్నర అన్నారు కదా, అయినా కొలవండి.

కేసీకెనాల్:
కర్నూలు నుంచి ఇంకో వైపు కథ. చేతిపనే కావాలని పట్టుబట్టి ఒకాయనకు బయానా ఇచ్చాను. పని చూస్తే చేతులెత్తి దండం పెట్టాలి, అంత బాగుంది. కానీ సగంలో ఏదో ఊరి రథం పని వచ్చిందని వెళ్లిపోయాడు. దేవుడి పని ముందు కదా సార్ అన్నాడు. ఏమంటాం? గృహప్రవేశం ప్లైవుడ్ తలుపుతో చేశాం. ఏడో నెలలో తలుపు వచ్చింది. ఇప్పటికీ వచ్చినవాళ్లు దాని ముందు ఆగి చూస్తారు. మాఘమాసం అంటున్నారు కాబట్టి చెబుతున్నాను.

రథంపని:
కర్నూలు సార్, అది నేను కాదు. కానీ నేనైనా వెళ్లేవాడినేమో.

నంద్యాల_డిజైన్:
మా ఆయన మిషన్ నడుపుతారు, బొమ్మలు కంప్యూటర్‌లో నేను చేస్తాను. మూడు ఇళ్లకు ఒకటే లక్ష్మి ఎందుకు వస్తుందో చెప్పాలి. వేల బొమ్మలు నింపిన ఒక పెన్‌డ్రైవ్ చేతులు మారుతూ ఉంటుంది, చాలామంది అందులోంచే తీస్తారు. ఈ బొమ్మలు కట్టే ఆర్ట్‌క్యామ్ అనే సాఫ్ట్‌వేర్ అమ్మకాన్ని ఆటోడెస్క్ కంపెనీ 2018లోనే ఆపేసింది, అయినా నేను చూసిన షాపుల్లో సగం ఇంకా ఆ పాత కాపీల మీదే నడుస్తున్నాయి. కొత్త బొమ్మ మొదటినుంచి కట్టడానికి నాకు నాలుగైదు రోజులు పడుతుంది. దానికి వేరే డబ్బులు అడిగితే "కంప్యూటరే కదమ్మా చేసేది" అంటారు.
ఫొటో ఇచ్చి ఇలాగే చెక్కండి అనేవాళ్లు ఇంకొందరు. ఫొటోను నేరుగా లోతుగా మార్చితే కంప్యూటర్ వెలుతురును ఎత్తు అనుకుంటుంది, చీకటిని గుంత అనుకుంటుంది. ఒకసారి ముదురు నీలం చీర ఉన్న అమ్మవారి ఫొటో తెచ్చారు. అలాగే వేసి చూపిస్తే చీరంతా బావిలాగా లోపలికి పోయింది, ముక్కుపుడక మాత్రం మేకులాగా బయటికి పొడుచుకొచ్చింది. అందుకే ముఖం ఎప్పుడూ నేనే గీతగీతగా కట్టుకుంటాను. చిన్నప్పుడు ముగ్గులు వేసిన చెయ్యి లతలకు బాగా పనికొస్తుంది, ముఖానికి మాత్రం పనికిరాదు. ముఖం నేర్చుకోవడానికి రెండేళ్లు పట్టింది.

కోడూరు_తోట:
మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. మా దగ్గర పాత ఎర్రచందనం దుంగ ముక్కలు కొన్ని ఉన్నాయి. గజలక్ష్మి అందులో చేయిస్తే?

గుత్తిరోడ్డు:
అయ్యా, ముందు అటవీ శాఖ కాగితం ఉందో లేదో చూసుకోండి. సొంత తోటలో చెట్టయినా కొట్టడానికి, తరలించడానికి అనుమతి కావాలి. కాగితం లేకపోతే ఉలికీ వద్దు, మిషన్‌కూ వద్దు, ఇలా నలుగురిలో చెప్పడం అసలే వద్దు. కాగితం ఉంటే మీ పక్కనే శెట్టిగుంటలో ఎర్రచందనం బొమ్మలు చేసేవాళ్లున్నారు, వాళ్లను అడగండి.

కొత్తిల్లు_కడప:
చాలా సంగతులు తెలిశాయి. ఒకటి చెప్పడం మరిచాను. ద్వారబంధం సాదాగానే చేయించి ఎప్పుడో పూజ చేసి నిలబెట్టేశాం. చుట్టూ గోడ కట్టేశారు. ఇప్పుడు దానిమీద లతలు ఎలా? మిషన్ షాపువాళ్లు ఊడదీసి తెమ్మన్నారు, లేదా వేరే పట్టీలు చెక్కి పైన అంటిస్తామన్నారు. ఊడదీయడం అనగానే అమ్మ ముఖం మాడిపోయింది.

స్పిండిల్_ప్రొద్దుటూరు:
ఇది మొదటే చెప్పాల్సింది. నిలబెట్టిన ద్వారబంధానికి మిషన్ ఏమీ చేయలేదు. మా బల్ల నాలుగడుగులు, ఎనిమిదడుగులు. చెక్కే దాని మీదికి వచ్చి పడుకోవాలి. అంటించిన పట్టీలు మాత్రం వద్దు. వానకు తడిసి ఎండకు ఎండి రెండేళ్లలో అంచులు లేస్తాయి. నేను చేసి, తిట్లు తిని, మానేశాను.

రథంపని:
నిలబడి ఉన్న చెక్క మీద పని మాకు కొత్త కాదు. గుడి తలుపులు ఊడదీసి ఇంటికి తెచ్చుకుంటామా? ఒక ముక్కాలిపీట, నీడ, మధ్యాహ్నం మజ్జిగ ఇస్తే చాలు. నిలువు చెక్కల మీద లతకు పన్నెండు రోజులు, గడపకు రెండు. ఒక్కటే ఇబ్బంది. కొయ్యసుత్తి దెబ్బ గోడకు తగులుతుంది, ప్లాస్టరింగ్ అంచు నెర్రెలిస్తుంది. ద్వారం చుట్టూ జానెడు మేర ప్లాస్టరింగ్ ఆపమని మేస్త్రికి ఈరోజే చెప్పు.

కొత్తిల్లు_కడప:
చెప్పాను మాస్టారూ. ఒక వైపు అప్పటికే అయిపోయింది, గీకేయించాను. మేస్త్రి నాతో మాట్లాడటం లేదు.

నంద్యాల_డిజైన్:
అయితే తలుపు పలక సంగతి నేను చెబుతాను. పూర్తిగా మిషన్ మీద వద్దు, పూర్తిగా చేత్తోనూ వద్దు. మేము మోటుగా తీసి, పైన 2 మిల్లీమీటర్ల చెక్క వదిలి ఇస్తాం. ఆచారి గారు అక్కడినుంచి ఉలితో చేసుకుంటారు. పది రోజుల కష్టం తగ్గుతుంది.

రథంపని:
2 వదిలి ఇస్తే నాకు కష్టం పెరుగుతుంది తల్లీ, తగ్గదు. మీ బొమ్మలో ముక్కు ఎక్కడుందో అక్కడే నేనూ పెట్టాలి, జరపడానికి చోటుండదు. పోయినేడు ఒకరు ఇలాగే తెచ్చారు. ఎడమ కన్ను కొంచెం కిందికి ఉంది. సరిచేద్దామంటే చెక్క లేదు. ఆ కంటి చుట్టూ రెండు రోజులు తిరిగి చివరికి నుదుటి బొట్టు పెద్దది చేసి చూపు మళ్లించాను.

నంద్యాల_డిజైన్:
ఎంత వదలమంటారు?

రథంపని:
వెనుక ఉన్న చదును భాగమంతా పూర్తిగా మీరే తీసేయండి, అది చాకిరీ, అందులో విద్య ఏమీ లేదు. ఏనుగుల ఒంటికి 2 చాలు. తొండాల కింద అసలు తవ్వవద్దు, పలక మట్టం దాకా దిమ్మలాగా వదిలేయండి. ముఖానికి, చేతులకు 5 వదలండి. ముక్కు, కళ్లు గీయనే వద్దు, కోడిగుడ్డులాగా ఉంచండి.

నంద్యాల_డిజైన్:
కోడిగుడ్డు అయితే నాకు రెండు నిమిషాల పని. రెండేళ్లు నేర్చుకున్న ముఖం ఇలా పోయింది.

స్పిండిల్_ప్రొద్దుటూరు:
మా వాళ్లకు ఒక మాట. కరెంటు పోయి వస్తే మొదలు పెట్టిన బిందువు మళ్లీ పట్టుకుని గానీ నడపకండి. అర మిల్లీమీటరు జరిగినా పలక మీద మెట్టు పడుతుంది, అది నా చేతుల మీదుగానే ఒకసారి జరిగింది. ఇంకొకటి, పొట్టు లాగే గొట్టం లేకుండా చేయవద్దు. టేకు పొడికి నాకు చేతుల మీద దద్దుర్లు వస్తాయి, నా దగ్గర పనిచేసే కుర్రాడికి దగ్గు. ఉలి చెక్కపెళ్లలు లేపుతుంది, మిషన్ పొడి లేపుతుంది, ఊపిరితిత్తుల్లోకి పోయేది పొడి.

రథంపని:
మాకు మణికట్టు పోతుంది. మోకాళ్లు కూడా.

కొత్తిల్లు_కడప (మూడు వారాల తర్వాత):
పని మొదలైంది. తేమ కొలిపించాను, పదకొండు చూపించింది. పలక నంద్యాల వెళ్లి వచ్చింది. ఇప్పుడు ముఖం లేని లక్ష్మి, దిమ్మల్లాంటి తొండాలతో రెండు ఏనుగులు మా వరండాలో గోడకు ఆనుకుని ఉన్నాయి. చూసినవాళ్లంతా ఇదేమిటని అడుగుతున్నారు. మొత్తం మీద 70,000 కాస్తా 52,000 దగ్గర ఆగింది, మాఘమాసానికి అందేలాగే ఉంది. రథంపని మాస్టారు రాలేనన్నారు, ఆయన శిష్యుడు వచ్చాడు. వచ్చీ రాగానే ఏనుగు తొండం పక్కన బొటనవేలు పెట్టి ఒక నిమిషం అలాగే నిలబడ్డాడు, తర్వాత పెన్సిల్ అడిగాడు.
మాస్టారూ, అమ్మ ఒకటి అడగమంటోంది. గడప పద్మాలు ఎంత లోతు ఉండాలి? లోతు ఎక్కువైతే పసుపు రేకుల్లో ఇరుక్కుని గట్టిపడిపోతుందట, మా పాత ఇంట్లో పుల్లతో గీకేవాళ్లట.

రథంపని:
అమ్మ సరిగ్గా అడిగింది. రెండు రూపాయి బిళ్లలు ఒకదాని మీద ఒకటి పెట్టినంత, అంతకు మించవద్దని వాడికి చెప్పు. గడప మీద మాత్రం గోరు దూరే పని వద్దు. రేకుల అంచులు వాలుగా ఉండాలి, శుక్రవారం కడిగితే తడిగుడ్డతో వచ్చేయాలి.